చెయ్యెత్తితే వదలరన్న భయం

జూన్‌లో బళ్లు తెరిచిన రెండో శనివారం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. హోసూరు పక్కన ఒక ఊరు మాది. ఒకే వీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే చోటు. నేను పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. అయినా పాత తెలుగు అయివారిని కదా, ముందు వరసలో ఒక కుర్చీ వేస్తారు. హెడ్మిస్ట్రెస్ లేచి, "తెలుగు విభాగం నిలబడాలంటే మీలో కొందరు ముందుకు రావాలి. బడికి స్వచ్ఛందంగా సేవ చేయడానికి ఎవరెవరు సిద్ధంగా ఉన్నారు?" అని అడిగారు.

ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. కొందరు నేల చూపులు చూశారు. కొందరు ఫోను తీశారు. వెనక బల్ల మీద కూర్చున్న ఒక తల్లి, ఏడవని చంటిబిడ్డను ఊరుకోబెడుతూ బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి హెడ్మిస్ట్రెస్ "సరే, ఆలోచించి చెప్పండి" అన్నారు. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ మేం పాత ఉపాధ్యాయులం నలుగురం ఒకటే మాట అనుకున్నాం. ఈ కాలంలో ఎవరికి వారే యమునా తీరే, భాష మీద మమకారం లేదు, బడి మీద అభిమానం లేదు అని. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఎందుకంటే, ఇదే తల్లిదండ్రులను హోసూరు కొండ మీది చంద్రచూడేశ్వరుని తేరు నాడు చూడాలి. ఆ రోజు వీధుల్లో పందిళ్లు వేసి మజ్జిగ, పానకం పంచేది వీళ్లే. చీకటితోనే లేచి నిమ్మకాయలు కోస్తారు, బిందెలు మోస్తారు, ఎండలో నిలబడి ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి లోటా అందిస్తారు. "స్వచ్ఛందంగా సేవ చేయడానికి ఎవరు సిద్ధం" అని అక్కడ ఎవరూ మైకులో అడగరు. మరి తేరు నాడు ఉన్న మనసు బడికొచ్చేసరికి ఎక్కడికి పోతుంది?

మనసు ఎక్కడికీ పోదు. తేరు పని ఎలాంటిదో అందరికీ తెలుసు. ఒక్క రోజు పని, సాయంత్రానికి అయిపోతుంది. పక్కన తెలిసినవాళ్లే ఉంటారు. చదువు వచ్చా రాదా అని ఎవరూ చూడరు. మరుసటి రోజు ఎవరూ వచ్చి లెక్క అడగరు. మనం బడి సమావేశంలో అడిగిన పనికి ఇందులో ఒక్క లక్షణమూ లేదు. ఏం చేయాలో చెప్పలేదు, ఎన్నాళ్లు చేయాలో చెప్పలేదు, ఎవరితో కలిసి చేయాలో చెప్పలేదు. పైగా అందరినీ ఒకేసారి అడిగాం. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు. అరవైమందిని కలిపి అడిగితే అరవైమందీ పక్కవాడి వైపు చూస్తారు.

ఆ తర్వాత వారం రోజులకు టీ అంగడి దగ్గర ఒక తండ్రి కలిశాడు. సిప్కాట్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, షిఫ్టుల పని. నేనేమీ అడగకముందే తనే చెప్పాడు. "తప్పుగా అనుకోవద్దు సార్. బడంటే నాకూ ఇష్టమే. కానీ చెయ్యెత్తితే వదలరు సార్. ఆ అన్న గతి చూసినాం కదా."

ఆ అన్న ఎవరో నాకు తెలుసు. చాలా ఏళ్ల కిందట ఇలాంటి సమావేశంలోనే ఆయన ఒక్కడే చెయ్యెత్తాడు. మొదట పిల్లలకు నోటు పుస్తకాలు తెచ్చే పని అన్నారు. తర్వాత కార్యదర్శిని చేశారు. కోశాధికారి మానేస్తే ఆ పనీ ఆయన నెత్తిన పెట్టారు. జిల్లా కార్యాలయానికి తిరగాలన్నా, ప్రహరీ గోడ కూలిందన్నా, వార్షికోత్సవానికి కుర్చీలు కావాలన్నా ఆయనే. కొడుకు ఆ బడి దాటి కాలేజీకి వెళ్లాక కూడా వదల్లేదు. చివరికి ఒక ఏడాది లెక్కల్లో రెండు రసీదులు కనబడకపోతే నలుగురిలో నిలబెట్టి అడిగారు. రసీదులు తర్వాత దొరికాయి. అడిగినవాళ్లెవరూ మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పలేదు. ఆ సభలో నేనూ ఉన్నాను, నేనూ నోరు మెదపలేదు. ఆయన ఇప్పుడు బడి ముందు నుంచి పోతున్నా తల తిప్పడు.

ఊరు దీన్నంతా చూసింది. చెయ్యెత్తినవాడికి ఏమవుతుందో మన కళ్ల ముందే పాఠం జరిగింది. పిల్లలు మర్చిపోతారేమో గానీ పెద్దలు ఇలాంటి పాఠాలు మర్చిపోరు. వాళ్ల వెనకాడటాన్ని స్వార్థం అనుకున్నాం. అది అనుభవం నేర్పిన జాగ్రత్త. అలాంటి జాగ్రత్తను ఉపన్యాసాలతో పోగొట్టలేం. పని మారాలి, అడిగే తీరు మారాలి.

ఇంకొక భయం ఉంది. దాన్ని ఎవరూ బయటికి చెప్పరు. మన బళ్లలో చాలామంది తల్లిదండ్రులకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా వైపు తల్లులు కన్నడంలోనో తమిళంలోనో చదువుకుని ఉంటారు. షోలాపూర్‌లో అయితే మరాఠీ, బరంపురంలో అయితే ఒడియా. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ బోర్డు మీద తెలుగక్షరం కనబడితే కళ్లు పక్కకు తిప్పుకుంటారు. పిల్లను తెలుగు బడిలో వేసిందే తనకు రానిది బిడ్డకైనా రావాలని. అలాంటి తల్లిని బడికి వచ్చి సాయం చేయమంటే "నాకు చదువు రాదు సార్, నేనొచ్చి ఏం చేసేది?" అంటుంది. అది తప్పించుకునే మాట కాదు. తనకు అక్షరాలు రావని నలుగురిలో తెలిసిపోతుందన్న సిగ్గు.

ఆ సిగ్గును మనమే పెంచుతున్నాం. మేం పంపిన సర్క్యులర్‌ను తీసి మళ్లీ చదివాను. రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. "భాషాభిమానులైన తల్లిదండ్రులు స్వచ్ఛంద సేవకులుగా తమ అమూల్య సమయాన్ని వెచ్చించి పాఠశాలాభివృద్ధికి తోడ్పడగలరని ఆకాంక్షిస్తున్నాము" అని ఉంది. పూలతోటలో పొద్దంతా గులాబీలు కోసి వచ్చిన మనిషికి ఈ వాక్యం ఏం చెబుతుంది? ఇది నీలాంటివాళ్ల కోసం కాదు అని చెబుతుంది. "మంగళవారం సాయంత్రం ముప్పావు గంట వచ్చి పిల్లలు చదువుతుంటే విను" అని రాసి ఉంటే సరిపోయేది.

నా చిన్నతనంలో మా తాతగారు చెప్పే ముచ్చట ఒకటి ఉంది. ఆయన చదువుకున్నది వారాలు చేసుకుని. పట్నంలో చదువుకునే పేద పిల్లవాడికి సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. అలా ఏడు ఇళ్లు కలిసి ఒక పిల్లవాణ్ణి చదివించేవి. ఆ పద్ధతిలో లోపం లేదని అనను. అందులో కులం పట్టింపు గట్టిగా ఉండేది, ఎందరో పిల్లలకు ఆ గడపలు తెరుచుకోలేదు. వారాలబ్బాయిగా పడ్డ చిన్నచూపు గురించీ తాత చెప్పేవాడు. కానీ ఆ ఏర్పాటులోని లెక్క మాత్రం గొప్పది. ఏ ఇల్లాలినీ "ఈ పిల్లవాడి భారం మోస్తావా" అని అడగలేదు. "గురువారం మీ ఇంట్లో పెడతారా" అని అడిగారు. గురువారం కుదరకపోతే శుక్రవారం ఇల్లు ఉంది. ఏడాది భారం ఎవరూ మోయలేదు, పిల్లవాడు మాత్రం ఏడాదంతా తిన్నాడు.

ఆ లెక్కనే బడికి తెచ్చాం. హెడ్మిస్ట్రెస్ గదిలో ఒక చార్టు కట్టాం. పైన వారాల పేర్లు, పక్కన పనులు. మూడో తరగతి పిల్లలు తెలుగు వాచకం పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినడం ఒక పని. వినేవాళ్లకు అక్షరాలు రావాల్సిన పని లేదు. పిల్ల తడబడితే "మళ్లీ చదువు పాపా" అంటే చాలు. నెలకు ఒక శుక్రవారం కథో పొడుపు కథో చెప్పడం ఇంకొకటి. పుస్తకాల కట్టలు వచ్చినప్పుడు ఆటోలో బడికి చేర్చడం, ఏడాదికి ఒకసారి. దరఖాస్తు తమిళంలో రాసి పెట్టడం, అవసరమైనప్పుడు. ప్రతి పనికీ ఎంతసేపు, ఎప్పటిదాకా అన్నది రాశాం. ఏదీ దసరా సెలవులు దాటి లేదు. దసరా తర్వాత కొనసాగాలంటే మళ్లీ అడగాలి, వాళ్లు మళ్లీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎందుకని అడగకూడదు. ఈ చివరి నియమం పెట్టడానికి మాలో మేం చాలా వాదించుకున్నాం. "పట్టు దొరికినవాణ్ణి వదిలేస్తే ఎలా" అన్నారు ఒకరు. ఆ పట్టే కదా మన కొంప ముంచింది అన్నాను.

అడగడం కూడా వేదిక మీద నుంచి మానేశాం. ఒక్కొక్కరినీ విడిగా, వాళ్ల వీలు తెలుసుకుని, ఒకే ఒక్క పని చెప్పి అడిగాం. "మీరేమైనా చేయగలరా" అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? "అక్కా, మీ అమ్మమ్మ చెప్పిన పొడుపు కథలు మీ పాప క్లాసులో చెప్పింది. వచ్చే శుక్రవారం మీరొచ్చి ఇంకో నాలుగు చెబుతారా?" అంటే అది వేరు. ఆ అక్క సమావేశంలో చంటిబిడ్డతో బయటికి వెళ్లిపోయిన తల్లే. వచ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదటి పొడుపు కథ చెప్పింది. నాలుగోదానికి చెంగు తీసేసింది. పిల్లలు విప్పలేకపోతే నవ్వింది. ఆమె చెప్పిన వాటిలో రెండు నాకూ తెలియవు. నలభై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి.

అంతా ఇలాగే సాగిందని చెబితే అబద్ధం. అడిగినవాళ్లలో సగం మంది కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్లలో ఇద్దరు నెల తిరక్కముందే మానేశారు. ఒక పెద్దాయన చదువు వినడానికి వచ్చి, పిల్లల యాసను వెక్కిరించడం మొదలుపెట్టాడు. "అది తెలుగు కాదురా, మొరసు మాట" అన్నాడు. ఇద్దరు పిల్లలు మరుసటి వారం నోరు తెరవలేదు. ఆయన ఇంటికి వెళ్లి, మీ తాత మాట్లాడిందీ ఆ మాటే కదా స్వామీ అని మెల్లగా చెప్పి, ఆయనకు దరఖాస్తులు రాసే పని ఇచ్చాం. ఆ పని ఆయన బాగా చేస్తున్నాడు. వచ్చినవాళ్లందరికీ అన్ని పనులూ పడవు. ఉచితంగా చేస్తున్నారు కదా అని పిల్లలను బాధపెట్టేదాన్ని ఓర్చుకోనక్కర్లేదు.

ఇంత తంటా ఎందుకు, ప్రభుత్వం ఉంది, చట్టాలున్నాయి అనేవాళ్లు ఉన్నారు. ఉన్నాయి, నిజమే. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక కొలత ఒప్పుకున్నారు. ప్రాథమిక స్థాయిలో ఒక భాష పిల్లలు తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తంలో 40 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి అని. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. రాష్ట్రానికో తీరుగా అమలవుతున్నా, అందరూ పట్టుకునే తొలి కొలత ఆ పదీ నలభయ్యే.

ఆ పదిమందిని ఎవరు లెక్కపెడతారు? ఏ అధికారీ వీధి వీధి తిరిగి "మీ ఇంట్లో తెలుగు పిల్లలున్నారా" అని అడగడు. ఒక ఏడాది మా బడిలో ఒకటో తరగతి తెలుగుకు ఎనిమిది పేర్లే వచ్చాయి. ఉపాధ్యాయులు వేసవి సెలవుల్లో ఉన్నారు. బట్టలు కుట్టే అంగడి నడుపుకునే ఒక తల్లి, జాకెట్లు ఇవ్వడానికి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఒక మాట అడిగింది. మూడు వీధుల్లో ముగ్గురు పిల్లలు దొరికారు. ఆ ఇళ్లవాళ్లకు మన బడిలో తెలుగు ఉందన్న సంగతే తెలియదు. ఎనిమిది పదకొండయింది. ఆ తరగతి మిగిలింది. ఆమెను ఎవరూ సేవకు పిలవలేదు, ఆమె దాన్ని సేవ అనుకోనూ లేదు. ఏ ఊళ్లోనైనా తెలుగు తరగతి మూతపడిందని విన్నప్పుడు నాకు మొదట వచ్చే ప్రశ్న ఇదే. అక్కడ ఆ మూడు వీధులు తిరిగే మనిషి లేకపోయిందా, లేక ఉన్నా ఎవరూ అడగలేదా?

తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం 1వ తరగతి నుంచి దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. అది పదో తరగతి దాకా వచ్చేసరికి, తమిళం సరిగ్గా నేర్పే ఏర్పాటే లేని బళ్ల పిల్లలు పరీక్ష ఎలా రాయాలన్న సమస్య వచ్చి మినహాయింపుల కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మా పిల్లలు తమిళం నేర్చుకోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. ఈ గడ్డ మీద బతికేవాళ్లకు అది అన్నం పెట్టే భాష. కానీ ఇలాంటి వేళ కాగితాలు పోగుచేయడం, పిల్లల వివరాలు రాయడం, వకీలు దగ్గరకు వెళ్లడం జీతానికి జరిగే పనులు కావు. సెలవు పెట్టుకుని, సొంత ఛార్జీలతో ఎవరో ఒకరు తిరగాలి.

ఒక అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేను. ఖాళీ పోస్టులో తల్లిదండ్రులు వచ్చి పాఠం చెబితే ఆ పోస్టు ఇక ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందని మా ఉపాధ్యాయులు అన్నారు. నిజం. పని ఎలాగో జరిగిపోతోందంటే పై అధికారులకు ఆ ఖాళీ కనబడదు. అందుకే మా చార్టులో పాఠం చెప్పే పని పెట్టలేదు, హాజరు వేసే పని పెట్టలేదు. వినడం, కథ చెప్పడం, మోయడం, రాయడం, తిరగడం ఇవే. రాయడంలో మొదటిది, తెలుగు ఉపాధ్యాయుణ్ణి వేయమని ప్రతి నెలా మొదటి వారంలో అర్జీ పెట్టడం. యాస వెక్కిరించిన పెద్దాయన పని ఇప్పుడదే. ప్రతి అర్జీ నకలూ ఫైల్లో పెట్టి, తేదీ వేసి, అందినట్టు ముద్ర వేయించుకునే దాకా ఆఫీసు గుమ్మం వదలడు.

ఉపాధ్యాయులకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. తల్లిదండ్రులు తరగతి గదిలోకి వస్తే మన పాఠం చూస్తారు, మన కోపం చూస్తారు, ఊళ్లో చెబుతారు. అందుకే సాయానికి రమ్మని పైకి పిలుస్తూనే గుమ్మం దగ్గరే ఆపేస్తాం. వచ్చిన మనిషికి కుర్చీ చూపించం. "ఇక్కడ కూర్చోండి, కాసేపాగండి" అని అరగంట నిలబెడతాం. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరొస్తారు? శాలువాలు, జ్ఞాపికలు అక్కర్లేదు. చెప్పిన వేళకు పిల్లలు సిద్ధంగా ఉండాలి, కూర్చోవడానికి బల్ల ఉండాలి, పేరు పెట్టి పలకరించాలి. శాలువా కప్పితే ఇంకో చిక్కు, కప్పించుకోనివాళ్లు చిన్నబోతారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. పని చేసేవాళ్ల చేతికి డబ్బు ఇవ్వకండి. డబ్బు చూసేవాళ్లు వేరు, ఇద్దరుండాలి, నెల నెలా లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆ అన్నకు జరిగింది ఇంకొకరికి జరగకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

పిల్లల చేత సేవ చేయించే మాట వస్తే తల్లిదండ్రులు మళ్లీ వెనకాడతారు. చదువు పాడవుతుంది, మార్కులు తగ్గుతాయి అని. మేం ప్లస్ టూ పిల్లల ఎన్.ఎస్.ఎస్. గురించి మాట్లాడినప్పుడు ఒక తండ్రి ఇదే అన్నాడు. 1969 సెప్టెంబరు 24న మొదలైన ఆ పథకంలో కూడా కొలత ఉంది. రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల శిబిరం ఒకటి. లెక్క వేస్తే వారానికి రెండు మూడు గంటలు. సర్టిఫికెట్టు కోసం చెట్టు నాటి ఫోటో దిగి వచ్చేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మన పిల్లల దగ్గర ఇతర బళ్ల పిల్లలకు లేనిది ఒకటి ఉంది. పన్నెండేళ్లకే మూడు భాషలు. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ పట్టుకుని ఏ వరసలో నిలబడాలో తెలియక తిరిగే ముసలమ్మకు, పోస్టాఫీసులో ఫారం నింపలేక ఎదురుచూసే పెద్దాయనకు ఈ మూడు భాషల పిల్ల ఎంత సాయమో ఆలోచించండి. పక్కన ఒక పెద్దవాళ్లుండాలి, గంటకు మించకూడదు, రోగుల సంగతులు బయట చెప్పకూడదు. ఈ మూడూ పాటిస్తే దీనికన్నా మంచి భాషా పాఠం నాకు తెలియదు. ఫారం నింపిన పిల్లకు "చిరునామా", "సంతకం", "వారసులు" అన్న మాటలు మూడు భాషల్లో వచ్చేస్తాయి. ఏ వాచకం అంత తొందరగా నేర్పుతుంది?

ఇంకొకటి. మన బడి సేవ మన తెలుగువాళ్లతోనే ఆగితే చుట్టుపక్కలవాళ్లకు మనం ఎప్పటికీ వేరే మనుషులమే. గిడుగు రామమూర్తి పుట్టిన రోజని ఆగస్టు 29న మన బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వాడుక భాష గురించి పిల్లల చేత ఉపన్యాసాలు చెప్పిస్తాం. ఆయన జీవితంలో రెండో సగం చాలామందికి చెప్పం. ఆయన పర్లాకిమిడిలో అయివారు. ఆ ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. అక్కడి కొండల్లోని సవరల మాట ఎవరికీ పట్టకపోతే, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి పక్కవాళ్ల భాషకు చేసిన పని అది. ఆయన కూడా ఒక్క రోజులో అంత చేయలేదు. ముందు ఒక మనిషి దగ్గర కూర్చుని నాలుగు మాటలు నేర్చుకోవడంతోనే మొదలుపెట్టారు.

మా చార్టు మా ఊరికి సరిపోయేది. ముంబై మునిసిపల్ తెలుగు బడిలో తల్లిదండ్రులకు సాయంత్రం వీలు కాదు, ఆదివారమే దొరుకుతుందేమో. షోలాపూర్‌లో మగ్గం షిఫ్టు చూసుకోవాలి. యానాంలో చుట్టూ తెలుగే కాబట్టి అక్కడి చిక్కు భాషది కాదు, ఇంకేదో అయివుంటుంది. మీ ఊళ్లో "ఆ అన్న" ఎవరో మీకు తెలుసు. ముందు ఆయన ఇంటికి వెళ్లండి. మేం వెళ్లాం, ఆలస్యంగానైనా. ఆ రసీదుల సంగతి ఆయన ముందు ఎత్తి, తప్పు మాదేనని చెప్పాం. ఆయన ఏమీ అనలేదు. లోపలికి కేకవేసి కాఫీ పెట్టించాడు. పని అడగడానికి వచ్చామా అని మాత్రం ఒకసారి అనుమానంగా చూశాడు. అడగలేదు.

టీ అంగడి దగ్గర కలిసిన ఫ్యాక్టరీ తండ్రిని రెండు శనివారాలు అడిగాం. మూడో తరగతి చదువు వినడానికి. షిఫ్టు మారితే కుదరదన్నాడు, మారితే మానెయ్యమన్నాం. మొదటి శనివారం డ్రెస్సు మార్చుకోకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు. పిల్లలు చిన్న బెంచీల మీద, ఆయన నేల మీద. రెండో శనివారం అయ్యాక చార్టు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. "వచ్చే వారానికి ఎవరి పేరూ లేదే సార్" అన్నాడు. లేదన్నాను. పెన్ను ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయన వెళ్లాక మా వీధిలో ఉండే ఇంకో తండ్రి ఇంటికి నడిచాను. ఆయన లేడు, రాత్రి షిఫ్టుకు వెళ్లాడట. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.